రెట్టింపు ధరకు ఏం వస్తుంది?

బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో హోమ్‌బ్రూ సరుకులు అమ్మే దుకాణానికి వెళితే ఒకే అరలో రెండు రకాల బీరు కిట్లు కనిపిస్తాయి. మొదటిది ఒక్క డబ్బా. అందులో చిక్కటి మాల్ట్ పాకం 1.7 కేజీలు, మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. కేజీ చక్కెర మనమే కొని కలుపుకోవాలి. రెండోది ప్రీమియం కిట్. రెండు డబ్బాల్లోనో రేకు సంచుల్లోనో 3 కేజీల మాల్ట్ పాకం ఉంటుంది. చక్కెర అక్కర్లేదంటారు. కొన్నిటిలో బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్ పువ్వుల గుళికల పొట్లం కూడా పెడతారు. రెండిటితోనూ తయారయ్యేది 23 లీటర్లే, అంటే బ్రిటిష్ కొలతలో నలభై పైంట్లు. ధర మాత్రం చాలాచోట్ల ఒకటికి రెండింతలు.

ఆ రెండో వంతు డబ్బు దేనికి? కొంత భాగం నిజమైన సరుకుకే పోతుంది, అది నాలుకకు తెలుస్తుంది కూడా. కానీ బీరు రుచిని అన్నిటికన్నా ఎక్కువగా మార్చే సంగతులు అట్టపెట్టెలో దొరకవు. మూత తీశాక మొదటి మూడు రోజుల్లో, ఆ బకెట్‌లో, ఈస్ట్ కణాలు ఎన్ని ఉన్నాయి, ఎంత వెచ్చగా ఉన్నాయి, ఏం తిన్నాయి అన్నదాన్ని బట్టి అవి తేలిపోతాయి. ఈ అధ్యాయం ఆ లెక్క కోసమే.

ఈ కిట్ల సరదా పుట్టింది బ్రిటన్‌లోని ఒక పన్ను మార్పు వల్ల. 1880లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీద పన్ను తీసేసి బీరు మీదే పన్ను వేశాడు. దాంతో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు కూడా లైసెన్సు అవసరమైంది. ఆ నిబంధనను 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఎత్తేశాడు. అమ్మనంత వరకు ఎంతైనా కాచుకోవచ్చన్నాడు. పదేళ్లు తిరిగేసరికి బూట్స్ మందుల దుకాణాల్లో సైతం బీరు కిట్లు వచ్చేశాయి. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది. అక్కడి అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అబ్కారీ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఇప్పటికీ నేరమే. కాబట్టి ఇక్కడ చెప్పే ప్రయోగాలు మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లకు పనికొస్తాయి. వెనకున్న జీవరసాయనశాస్త్రం అందరిదీ.

ముందు ఆ పాకం ఏమిటో చూద్దాం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని నలగ్గొట్టి వేడినీళ్లలో కలిపితే గింజలోనే ఉన్న ఎంజైములు పిండిపదార్థాన్ని తుంచి చక్కెరలు చేస్తాయి. బీటా ఎమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా ఉండి, ఈస్ట్ సులువుగా తినే మాల్టోజ్‌ని కోసిపెడుతుంది. ఆల్ఫా ఎమైలేజ్ 70 డిగ్రీల దరిదాపుల్లో పనిచేస్తూ గొలుసుల్ని ఎక్కడపడితే అక్కడ తెంచుతుంది. అందులో ఈస్ట్ తినలేని పెద్ద ముక్కలు కొన్ని మిగులుతాయి. ఆ ముక్కలనే డెక్స్‌ట్రిన్లు అంటారు. ఆ తియ్యటి ద్రవం పేరు వోర్ట్. కిట్ తయారుచేసే కర్మాగారంలో దాన్ని హాప్స్‌తో మరిగించి, తర్వాత తక్కువ పీడనంలో నీటిని ఆవిరి చేసి, 80 శాతం ఘనపదార్థం ఉండే పాకంగా మారుస్తారు. అడిలైడ్‌లో 1862 నుంచి బీరు కాస్తున్న కూపర్స్, ఇంగ్లండ్‌లో స్టోమార్కెట్ ఊరిలోని మంటన్స్ ఈ రంగంలో పెద్ద పేర్లు. అంటే కిట్ కొన్నవాడు బీరు తయారీలో సగం పని అయిపోయాక అడుగుపెడుతున్నాడన్నమాట. ఈస్ట్ తినగలిగేది ఎంత, తినలేనిది ఎంత అన్న నిష్పత్తి కర్మాగారంలోనే ఖాయమైపోయింది. దాన్ని మనం మార్చలేం.

ఇప్పుడు కూడిక, గుణకారం. 1.7 కేజీల పాకంలో 80 శాతం ఘనం, అంటే 1.36 కేజీలు. దానికి కేజీ చక్కెర కలిపితే 2.36 కేజీలు. ప్రీమియం కిట్‌లో 3 కేజీల పాకానికి 2.4 కేజీల ఘనం. రెండూ దాదాపు సమానం! నీళ్లతో 23 లీటర్లకు కలిపి, సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే మొదటిది 1.039 దగ్గర, రెండోది 1.040 దగ్గర నిలుస్తుంది. ప్రీమియం అంటే మరింత ఘాటైన బీరు అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి పులియడం పూర్తయ్యాక లెక్క తిరగబడుతుంది. చక్కెరను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది, ఏమీ మిగల్చదు. మాల్ట్ పాకంలో సుమారు మూడొంతులు తిని డెక్స్‌ట్రిన్లను వదిలేస్తుంది. మొదటి బీరు 1.005 దాకా దిగుతుంది, రెండోది 1.010 దగ్గర ఆగుతుంది. ఆల్కహాల్ మొదటిదానిలో 4.4 శాతం, రెండోదానిలో 3.9 శాతం వస్తుంది. చవక కిట్ బీరే కాస్త ఎక్కువ మత్తిస్తుంది. ప్రీమియం కిట్ బీరు నోటినిండుగా ఉంటుంది, నురగ ఎక్కువసేపు నిలుస్తుంది, ఎందుకంటే నురగను పట్టి ఉంచే ప్రోటీన్లు మాల్ట్‌లో ఉన్నాయి, చక్కెరలో లేవు. రెట్టింపు ధరలో కచ్చితంగా విలువ దక్కే భాగం ఇదే. నేను దీన్ని తక్కువ చేయను.

కానీ ఆ విలువ ఆ పెట్టెలోనే దొరకాలని ఏమీ లేదు. అదే దుకాణంలో ఎండు మాల్ట్ పొడి విడిగా అమ్ముతారు. చవక డబ్బా తెచ్చి, కేజీ చక్కెరకు బదులు కేజీ మాల్ట్ పొడి కలిపితే 1.039 వస్తుంది, అంతా మాల్టే. అప్పుడు ప్రీమియం కిట్‌కూ దీనికీ మిగిలే ముఖ్యమైన తేడా చేదు. చవక డబ్బాలో హాప్స్ చేదును చక్కెరతో పలచనయ్యే బీరుకు సరిపడా వేశారు. చక్కెర స్థానంలో మాల్ట్ వస్తే తీపి పెరిగి చేదు వెనకబడుతుంది. ప్రీమియం కిట్‌లో ఆ తూకం ముందే చూసి పెడతారు. మరీ ఉత్సాహవంతులు కొందరు రెండు చవక డబ్బాలు కలిపేస్తారు. అప్పుడు చేదు కూడా రెండింతలవుతుంది. కొన్ని రకాలకు అది నప్పుతుంది, చాలావాటికి నప్పదు.

చక్కెర మీద ఒక పాత అపవాదు ఉంది. చక్కెర వేస్తే బీరుకు యాపిల్ సైడర్ వాసన వస్తుందని హోమ్‌బ్రూ లోకంలో తరాలుగా చెప్పుకుంటున్నారు. బెల్జియం ట్రిపెల్ బీర్లలో చక్కెర గణనీయంగానే వేస్తారు, వాటిని తాగి సైడర్ అన్నవాళ్లు లేరు. పచ్చి యాపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే దారిలో చివరి మెట్టుకు ముందు తయారయ్యే పదార్థం అది. ఆరోగ్యంగా ఉన్న ఈస్ట్ దాన్ని ఆల్కహాల్‌గా మార్చి పని ముగిస్తుంది. ఆకలితో, నీరసంతో ఉన్న ఈస్ట్ మధ్యలో వదిలేస్తుంది. ఆకలి దేనికంటే నత్రజనికి. కణాలు పెరగడానికి అమైనో ఆమ్లాలు కావాలి. అవి మాల్ట్‌లో ఉన్నాయి, చక్కెరలో సున్నా. ఆహారంలో నలభై శాతం చక్కెరే అయితే అమైనో ఆమ్లాలు ఆ మేరకు పలచబడతాయి.

ఆ పైన డబ్బా పాతదైతే పరిస్థితి మరీ దిగజారుతుంది. పాకంలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ గది వేడికే నెలల తరబడి ఒకదానితో ఒకటి కలుస్తూ ఉంటాయి. రసాయనశాస్త్రంలో దీన్ని మెయార్డ్ చర్య అంటారు. వేయించిన ప్రతి వంటకంలోనూ రంగునూ వాసననూ పుట్టించేది ఇదే. డబ్బాలో అది నెమ్మదిగా సాగి పాకాన్ని నల్లబరుస్తుంది, ఒక పాతకాలపు తీపి వాసన తెస్తుంది, ఈస్ట్‌కు అందాల్సిన అమైనో ఆమ్లాలను తినేస్తుంది. కిట్ బీరు అనగానే చాలామంది గుర్తుపట్టే ఆ ప్రత్యేకమైన రుచికి ఈ ముసలితనమే పెద్ద కారణం. ఎండుపొడిలో నీరు చాలా తక్కువ కనుక ఈ చర్య అంత వేగంగా సాగదు. అందుకే కొనేముందు చీటీ మీద ధర కన్నా డబ్బా అడుగున తేదీ చూడాలి. చిన్న దుకాణంలో చవక డబ్బాలు వారంవారం అమ్ముడవుతుంటే, ఖరీదైనది ఏడాదిగా అరలో కూర్చుని ఉండవచ్చు. అలాంటప్పుడు తక్కువ ధరదే మంచి సరుకు.

హాప్స్ సంగతి. హాప్ పువ్వుల్లో రెండు రకాల సంపద ఉంది. ఆల్ఫా ఆమ్లాలు మరిగితే రూపం మారి చేదవుతాయి. ఆ చేదు పాకంలో భద్రంగా నిలుస్తుంది. రెండోది మిర్సీన్, లినలూల్ లాంటి సుగంధ తైలాలు. ఇవి ఆవిరై ఎగిరిపోయే స్వభావం ఉన్నవి. వోర్ట్‌ను మరిగించి, ఆపైన నీరంతా ఆవిరి చేసే పద్ధతిలో ఇవి నిలవడం కష్టం. కాబట్టి ఏ డబ్బాలోనైనా, ఎంత ధర పెట్టినా, చేదు ఉంటుంది గాని పరిమళం ఉండదు. ప్రీమియం కిట్‌లో విడిగా వచ్చే హాప్స్ గుళికల పొట్లం ఈ లోటు కోసమే. పులియడం నెమ్మదించాక వాటిని బకెట్‌లో వేస్తే తైలాలు బీరులోకి దిగుతాయి. ఈ రోజుల్లో ఇండియా పేల్ ఏల్ తాగేవాళ్లు కోరుకునే నిమ్మ, మామిడి వాసనలు ఇక్కడే పుడతాయి. ఇలాంటి బీరు కావాలనుకుంటే ఆ పొట్లానికి పెట్టిన డబ్బు వృథా కాదు. అదే గుళికలు యాభై గ్రాములు, వంద గ్రాములుగా విడిగా కూడా దొరుకుతాయి. గాలి తగిలితే పాడవుతాయి కనుక నత్రజని నింపి మూసిన రేకు పొట్లమే కొనాలి.

ఇక ఈస్ట్. నా దృష్టిలో ప్రీమియం కిట్ల అసలు పరీక్ష ఇక్కడ, చాలా కిట్లు ఓడిపోయేదీ ఇక్కడే.

బీరును పులియబెట్టేది జీవి అని లూయీ పాశ్చర్ 1876లో వెలువరించిన బీరు గ్రంథం వివరంగా చెప్పింది. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచి చూపించాడు. అప్పటిదాకా ఒక్కోసారి ఒక్కోలా వచ్చే బీరు ఆ తర్వాతే నిలకడగా రావడం మొదలైంది. ఇప్పుడు ఆ శుద్ధ ఈస్ట్ ఎండిన గింజల రూపంలో మన చేతిలో ఉంది. ప్రశ్న ఎంత వేయాలన్నదే.

బ్రూవరీల్లో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 23 లీటర్ల మామూలు ఏల్ రకం బీరుకు సుమారు 17,000 కోట్ల కణాలు కావాలి. ఎండు ఈస్ట్ తయారీదారులు గ్రాముకు కనీసం 500 కోట్ల బతికున్న కణాలకు హామీ ఇస్తారు. మూత కింది 7 గ్రాముల పొట్లంలో ఆ లెక్కన 3,500 కోట్లు. నిజంగా అంతకన్నా ఎక్కువే ఉంటాయి, రెట్టింపు ఉన్నాయనుకున్నా అవసరంలో సగం లేదు. ఏల్ ఎండు ఈస్ట్‌కు సాధారణంగా సూచించే మోతాదు వంద లీటర్లకు 50 నుంచి 80 గ్రాములు. మన బకెట్‌కు 11 నుంచి 18 గ్రాములు అవుతుంది. పాలకు తోడు పెట్టే ప్రతి ఇంట్లో ఈ సూత్రం తెలుసు: తోడు మరీ తక్కువైతే పెరుగు గడ్డకట్టదు సరికదా, ఈలోపు వేరే క్రిములు దూరి జిగురు సాగుతుంది. బకెట్‌లోనూ అంతే. తక్కువ వేస్తే ఈస్ట్ చాలాసార్లు రెట్టింపు కావలసి వస్తుంది. ప్రతి కొత్త కణం పొర కట్టుకోవడానికి స్టెరాల్స్ కావాలి. తల్లి కణంలో ఉన్న నిల్వ పంచుకుంటూ పోతే చివరి తరానికి వచ్చేసరికి అది అడుగంటిపోతుంది. ఆ కణాలు చక్కెర మిగిలి ఉండగానే నిద్రలోకి జారుకుంటాయి.

3 కేజీల మాల్ట్ ఉన్న కిట్లలోనూ కొన్నిటిలో 6 గ్రాముల పొట్లమే పెడతారు. హైడ్రోమీటర్ 1.020 దగ్గర ఆగిపోయి వారమైనా కదలకపోవడం హోమ్‌బ్రూయర్లకు బాగా తెలిసిన తలనొప్పి. పని అయిపోయిందనుకుని ఆ బీరును సీసాల్లో నింపితే, నిద్రలేచిన ఈస్ట్ మిగిలిన చక్కెరను తిని వాయువు పుట్టించి గాజు సీసాను పేల్చేయగలదు. ఇది రుచి విషయం కాదు, కళ్లకు సంబంధించిన ప్రమాదం. వరసగా రెండు మూడు రోజులు కొలత మారకుండా ఉంటేనే సీసాల్లోకి ఎత్తాలి. వేరుగా కొనే 11 గ్రాముల మంచి ఏల్ ఈస్ట్ పొట్లానికి, రెండు కిట్ల ధరల మధ్య ఉన్న తేడాలో చిన్న భాగమే అవుతుంది. నన్ను అడిగితే మొదటి అదనపు ఖర్చు దానికే పెట్టమంటాను.

రెండోది చల్లదనం. చాలా ఏల్ ఈస్ట్‌లకు 18 నుంచి 20 డిగ్రీలు హాయి. 26, 27 దాటితే ఫ్యూజల్ ఆల్కహాళ్లు పుట్టి గొంతు మండుతుంది, ఎస్టర్లు పెరిగి అరటిపండు వాసన ముంచెత్తుతుంది. చాలామంది మరిచే విషయం ఒకటుంది. పులిసేటప్పుడు ఈస్ట్ వేడి పుట్టిస్తుంది. గది 22 డిగ్రీలున్నప్పుడు బకెట్ లోపల అంతకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గోడకున్న థర్మామీటర్ చూసి నిశ్చింతగా ఉండకూడదు. బకెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, పాత టవల్ తడిపి చుట్టి, ఫ్యాన్ వేస్తే నీరు ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. మొదటి మూడు రోజులు ఇలా కాపాడితే చాలావరకు గండం గడిచినట్టే, ఎందుకంటే ఘాటైన వాసనలు ఈస్ట్ పెరిగే దశలోనే ఎక్కువగా తయారవుతాయి. బ్రిస్బేన్ వేసవిలో 27 డిగ్రీల గదిలో పులిసిన ప్రీమియం కిట్ కన్నా 19 డిగ్రీల దగ్గర పులిసిన చవక డబ్బా బాగుంటుందని నేను నిస్సంకోచంగా అంటాను.

నీళ్లు కూడా చూసుకోవాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ లేదా క్లోరమిన్, మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతాయి. వాటి వాసన ఆసుపత్రి మందులా ఉంటుంది, అతి కొద్ది మోతాదులోనే ముక్కుకు తగులుతుంది. ముందు రోజు నీళ్లు పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది గాని క్లోరమిన్ అంత సులువుగా పోదు. మెటాబైసల్ఫైట్ ఉండే కాంప్డెన్ బిళ్ల సగం ముక్క వేస్తే 23 లీటర్లలో రెండూ నిమిషాల్లో విరిగిపోతాయి. దాని ఖర్చు లెక్కలోకే రాదు. బకెట్, గొట్టం, సీసాలు కడిగి క్రిమిరహితం చేసుకోవడం గురించి ప్రతి కిట్ చీటీలోనూ ఉంటుంది, అది అక్షరాలా పాటించవలసిందే.

ఖరీదైన పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. మెరిసే స్టీలు ఫెర్మెంటర్ గీతలు పడదు, ఏళ్లు మన్నుతుంది. ప్లాస్టిక్ గుండా కొద్దికొద్దిగా గాలి చొరబడుతుందన్నది నిజమే అయినా రెండు వారాలు పులిసే కాలంలో దాని ప్రభావం పట్టించుకోనంత తక్కువ. మంచి హైడ్రోమీటర్, బకెట్‌కు అంటించే ఉష్ణోగ్రత పట్టీ, గోధుమరంగు సీసాలు ఉంటే చాలు. సీసా రంగు అలంకారం కోసం కాదు. వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి గంధకపు దుర్వాసన పుడుతుంది, గోధుమరంగు గాజు ఆ కిరణాలను ఆపుతుంది.

ఇంత చెప్పాక కూడా, ప్రీమియం కిట్ బీరు తాగినవాళ్లు "తేడా స్పష్టంగా తెలిసింది" అంటారు. వాళ్లు అబద్ధమాడడం లేదు. నాలుక చెప్పినదాంట్లో ధర ఎంత కలిసిందో వాళ్లకే తెలియదు. 1964లో రాల్ఫ్ ఆలిసన్, కెన్నెత్ ఉల్ అనే పరిశోధకులు మూడు వందలకు పైగా బీరు తాగేవాళ్లకు చీటీలు లేని సీసాలు ఇచ్చారు. తమ అభిమాన బ్రాండును ఆ గుంపు గుర్తుపట్టలేకపోయింది, మార్కులు అన్నిటికీ దగ్గరదగ్గరగా పడ్డాయి. చీటీలు అంటించి ఇవ్వగానే ఎవరి బ్రాండుకు వాళ్లు ఎక్కువ మార్కులు వేశారు. 2008లో కాలిఫోర్నియాలో హిల్కె ప్లాస్మన్ బృందం ఇరవై మందికి ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి తాగించి మెదడును స్కాన్ చేసింది. ధర ఎక్కువ చెప్పినప్పుడు రుచి బాగుందనడమే కాదు, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగం కూడా ఎక్కువ చురుగ్గా కనిపించింది. కాబట్టి డబ్బు పెట్టి కొన్నవాడి తీర్పును, పెట్టె చూసిన స్నేహితుడి తీర్పును పక్కన పెట్టక తప్పదు.

దీనికి విరుగుడును కూడా 1940లలో కార్ల్స్‌బర్గ్ వాళ్లే రూపొందించారు. దాని పేరు త్రికోణ పరీక్ష. ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇస్తారు. రెండిటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరే బీరు. ఏది బాగుందని అడగరు, ఏది వేరుగా ఉందని మాత్రమే అడుగుతారు. ఊరికే ఊహించి చెప్పినా ముగ్గురిలో ఒకరికి సరైన జవాబు తగులుతుంది. కాబట్టి పన్నెండు మంది తాగితే నలుగురు సరిగ్గా చెప్పడంలో విశేషమేమీ లేదు. ఎనిమిది మందో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే అది కాకతాళీయం అయ్యే అవకాశం నూటికి రెండు. అప్పుడు తేడా ఉందని నమ్మవచ్చు. ఏడుగురే చెబితే ఆ అవకాశం నూటికి ఆరేడు దాకా ఉంటుంది, తీర్పు చెప్పడానికి అది చాలదు. గ్లాసులు రంగువి కావాలి, ఎందుకంటే పాత పాకం బీరు నల్లగా ఉండి చూపుతోనే పట్టుబడుతుంది. వరసలు మార్చాలి, పోసేవాడికి కూడా ఏది ఏదో తెలియకూడదు. తేడా ఉందని తేలాక మాత్రమే, ఏది నచ్చిందని అడగాలి.

పోటీకి ఏ రెండు బీర్లను నిలబెట్టాలన్నది ఇంకా ముఖ్యం. చక్కెర, 7 గ్రాముల ఈస్ట్‌తో కాచిన చవక డబ్బాను ప్రీమియంతో పోలిస్తే ప్రీమియం గెలుస్తుంది, అందులో వింతేమీ లేదు. న్యాయమైన ప్రత్యర్థి వేరు: తాజా తేదీ ఉన్న చవక డబ్బా, కేజీ మాల్ట్ పొడి, 11 గ్రాముల ఈస్ట్, కిట్‌లో హాప్స్ ఉంటే అన్నే గుళికలు. వీటి మొత్తం ఖర్చు కొన్ని దుకాణాల్లో ప్రీమియం ధరకు దగ్గరగా వచ్చేస్తుంది, అక్కడ పెట్టె కొనుక్కోవడమే సుఖం. రెండిటినీ ఒకే రోజు కలిపి, ఒకే నీటి తొట్టిలో పక్కపక్కన పెట్టి, ఒకే రోజు సీసాల్లోకి ఎత్తాలి. సీసాలో రెండు మూడు వారాలకు వాయువు నిండుతుంది, అప్పుడు ఒకసారి తాగి చూడాలి. మూడు నెలలకు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఈలోపు హాప్స్ పరిమళం తగ్గిపోతుంది, మాల్ట్ రుచి కుదురుకుంటుంది. మూడు వారాలప్పుడు ఎనిమిది మంది పట్టుకున్న తేడాను మూడు నెలలకు నలుగురే పట్టుకుంటే, అదనంగా కొన్నది గుళికల వాసనే అని అర్థం. ఆ బీరును నిల్వ పెట్టకుండా తాజాగా తాగేయాలి.